పీఎస్‌ఐఆర్ రెండో పేపర్: ఈయూ చాప్టర్ నేను చదివిన పద్ధతి

నల్లగొండలో పీఎస్‌ఐఆర్ (రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు) ఆప్షనల్‌తో సివిల్స్‌కు చదివేవాళ్లం తక్కువే. ఈయూ (ఐరోపా సమాఖ్య), ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి), సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) ఉన్న చాప్టర్‌ను చాలామంది ఒప్పందాలు, సంవత్సరాలు బట్టీ పట్టి వదిలేస్తారు. నాకు అందులో అసలు సరుకు వేరే చోట కనిపించింది. దేశం పైన ఇంకో సంస్థకు అధికారం ఇస్తామంటే జనం ఎప్పుడు సరేనంటారు, ఎప్పుడు అడ్డం తిరుగుతారు?

దీని మీద పరీక్షలో ప్రశ్న వస్తే, దేశాభిమానం పెరిగితే ఈయూకు మద్దతు తగ్గుతుందని ఒక్క ముక్కలో తేల్చేయకండి. 2016 జూన్ 23న బ్రిటన్ రెఫరెండంలో 51.9 శాతం మంది ఈయూ నుంచి బయటికి పోదామన్నారు. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉందామన్నారు. స్కాట్లాండ్ వాళ్లకేమైనా సొంత గుర్తింపు పట్టదా? 2014లోనే విడి దేశం కోసం రెఫరెండం పెట్టుకున్నవాళ్లు! అక్కడి ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) మాత్రం 1980ల చివరి నుంచి ఐరోపాలో ఉంటూనే స్వాతంత్ర్యం అని చెబుతూ వచ్చింది. బయటికి పోదామన్న లీవ్ ప్రచారమేమో అధికారం మళ్లీ మన చేతికే రావాలంది. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకు పోతున్నాయని ఎర్ర బస్సు మీద రాసి ఊరూరా తిప్పింది. అది బ్రిటన్‌కు దక్కే తగ్గింపు (రిబేటు) తీసేయని లెక్క. తప్పుదోవ పట్టిస్తోందని గణాంకాల అథారిటీ చెప్పినా బస్సు ఆగలేదు.

రాజనీతి శాస్త్రవేత్తలు లీస్‌బెట్ హూగ్, గ్యారీ మార్క్స్ చెప్పేదీ ఇదే. 'నేను ఈ దేశం వాణ్ని మాత్రమే' అనుకునేవాళ్లలోనే వ్యతిరేకత ఎక్కువ. నాయకులు రెండుగా చీలి ఆ భావాన్ని కదిలిస్తే అది ఇంకా ముదురుతుంది.

డెన్మార్క్‌ను వదలొద్దు. ఈయూను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని వాళ్లు 1992లో తిరస్కరించిన తేదీ జూన్ 2, మనం మర్చిపోయే తేదీ కాదు. ఆ తర్వాత మినహాయింపులు ఇచ్చి, యూనియన్ పౌరసత్వం డేనిష్ పౌరసత్వానికి బదులు కాదని రాసిచ్చారు. 1993లో జనం ఒప్పుకున్నారు.

గడియారం సెంటర్‌లో చాయ్ తాగుతుంటే ఒక జూనియర్ అడిగాడు: "అన్నా, మనం తెలంగాణ కావాలన్నప్పుడు ఇండియా వద్దన్నామా?" మంచి పాయింటే. కానీ మనది దేశం లోపలి రాష్ట్రం సంగతి కాబట్టి జవాబులో ఒక్క వాక్యం దాటనివ్వకండి. 1969 నుంచి మొదలుపెడితే పేజీలు అక్కడే అయిపోతాయి.

సార్క్‌ను కూడా ఈ జవాబులో ఇరికించొద్దు. అక్కడ నిర్ణయాలన్నీ ఏకగ్రీవమే, ద్వైపాక్షిక వివాదాలు చర్చకే రావు. ఓటరు భయపడేంత అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు.