మోషే ఆగిపోయిన నెబో కొండ మీద

పవిత్ర దేశ యాత్ర అనగానే మనవాళ్ల మనసంతా యెరూషలేము, బేత్లెహేముల మీదే ఉంటుంది. జోర్డాన్‌లో గడిపే రోజును దారిలో వచ్చే మజిలీగానే లెక్కేస్తారు. నాకు మాత్రం ఆ యాత్రలో బాగా పట్టుకున్నది నెబో కొండే. ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయుల్ని నలభై ఏళ్లు నడిపించుకొచ్చిన మోషే, దేవుడు వాళ్లకిస్తానన్న దేశాన్ని దూరం నుంచి చూసి ఆగిపోయిన చోటది.

మదబా ఊళ్లో సెయింట్ జార్జి చర్చి నేల మీద ఆరో శతాబ్దంలో రంగురాళ్లతో పరిచిన పవిత్ర దేశ పటం చూసుకుని బస్సెక్కాం. నెబో అక్కడికి దగ్గరే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడక్కర్లేదు, బస్సు దాదాపు పైదాకా వెళ్తుంది. ఆ స్థలాన్ని చూసుకునేది ఫ్రాన్సిస్కన్ సన్యాసులు. చర్చి లోపలి మొజాయిక్ నేల దగ్గర నుంచి మావాళ్లు ఓ పట్టాన కదల్లేదు. సింహాన్ని ఈటెతో పొడిచే వేటగాడు, మేకల్ని కాస్తూ చెట్టు కింద కూర్చున్న కాపరి, నిప్పుకోడికి తాడు కట్టి నడిపిస్తున్న మనిషి. 530 ప్రాంతంలో వేసిన పని అది. తర్వాతెప్పుడో దానిమీద ఇంకో నేల పరిచేశారు. 1976లో ఆ పైదాన్ని ఎత్తితే గానీ ఇది బయటపడలేదు.

బయట సిలువకు పాము చుట్టుకున్నట్టున్న పెద్ద ఇనుప శిల్పం. అది దాటితే కొండ అంచు. అక్కడి ఫలకం మీద ఏ ఊరు ఎటువైపో, ఎంత దూరమో రాసుంది: యెరికో 27 కిలోమీటర్లు, యెరూషలేము 46. కింద మృత సముద్రం వెలిసిపోయిన నీలంలో కనిపించింది. యెరికో పచ్చదనం లీలగా తెలిసింది. యెరూషలేము మాత్రం మసకలో కలిసిపోయింది.

పాస్టరు అయ్యగారు బైబిల్లో ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయం చదివారు. నూట ఇరవై ఏళ్ల మోషే, చూపు మందగించలేదు, సత్తువ తగ్గలేదు. దేశమంతా చూశాడు, యొర్దాను నది మాత్రం దాటలేదు. మా గుంపులో ఓ పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుని, “నలభై ఏళ్లు మోసినోణ్ణి గుమ్మంలో ఆపేస్తారా అయ్యగారూ?” అంది. నీళ్ల కోసం బండతో మాట్లాడమని దేవుడంటే, మెరీబా దగ్గర మోషే దాన్ని కర్రతో కొట్టిన సంగతి అయ్యగారు చెప్పారు. ఆవిడకది సరిపోలేదు. నిజం చెప్పాలంటే నాకూ సరిపోలేదు.

తిరుగు బస్సులో సంఖ్యాకాండము 27 తీశాను. నువ్విక చనిపోతావని దేవుడు చెప్పగానే మోషే నోట వచ్చిన మాట తన గురించి కాదు. ఈ జనం కాపరి లేని గొర్రెలు కాకుండా వీళ్లమీద ఒకణ్ణి నియమించమన్నాడు. అలాగని ఆయనకు ఆశ లేదనుకోకండి. నన్ను దాటనివ్వమని బతిమాలుకున్నానని ద్వితీయోపదేశకాండము 3లో ఆయనే చెప్పుకున్నాడు. ఇక ఆ మాటెత్తకు, నీ తర్వాత వీళ్లను నడిపించబోయే యెహోషువకు ధైర్యం చెప్పు అని జవాబు వచ్చింది. తనకు దక్కనిది దక్కబోయేవాడికి ధైర్యం చెప్పడం ఎంత కష్టమో, ఒక్కసారైనా పదవి దిగినవాళ్లకు తెలుస్తుంది.

మోషేకు గెర్షోము, ఎలీయెజెరు అని ఇద్దరు కొడుకులు. వారసుడి దగ్గర వాళ్ల ఊసే రాలేదు. చేతులుంచింది యెహోషువ మీద, అదీ యాజకుడి ముందు, సమాజమంతా చూస్తుండగా. తన ఘనతలో కొంత బతికుండగానే అతనికిచ్చాడు. మన చర్చి సంఘాల్లో తండ్రి పోగానే కుర్చీ కొడుకుదో అల్లుడిదో అయిపోవడం ఎన్ని చోట్ల చూడటం లేదు! వాళ్లలో సమర్థులు లేరనను. కానీ సంఘాన్ని ఎవరడిగారు?

యెహోషువేమీ రాత్రికి రాత్రి దిగిపడలేదు. అమాలేకీయులతో యుద్ధానికి పంపినప్పటి నుంచీ మోషే అతణ్ణి పక్కన పెట్టుకున్నాడు. ఎల్దాదు, మేదాదు అనే పెద్దలిద్దరు పాళెంలో ప్రవచిస్తున్నారని తెలిసి, వాళ్లను ఆపమని ఈ కుర్రాడే కంగారుపడ్డాడు. నా కోసం నువ్వు అసూయపడుతున్నావా, అందరూ ప్రవక్తలైతే నాకు సంతోషమే అన్నాడు మోషే. ఇదే మోషే ఒకప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తగవులు తీర్చేవాడు. ఇది పద్ధతి కాదని మామ యిత్రో ముఖం మీదే చెప్పాడు. మోషే కోపగించుకోలేదు, వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతుల్ని పెట్టాడు. అల్లుడికి మామ చెప్పే సలహా అంత తేలిగ్గా దిగే దేశమేమీ కాదు మనది!

మర్నాడు పొద్దున్నే అలెన్‌బీ వంతెన దగ్గర పాస్‌పోర్టులు పట్టుకుని క్యూలో నిలబడ్డాం. వంతెన కింద యొర్దాను మన పంట కాలువంత కూడా లేదు. మోషే సంగతి వదల్లేక మళ్లీ అయ్యగారి దగ్గరే ఎత్తాను. ఆయన కాసేపు విని, “మోషేను బాగానే పొగిడావు గానీ, మరి యెహోషువ తన తర్వాత ఎవర్ని పెట్టాడో చెప్పు” అన్నారు. ఎంత తిరగేసినా ఎవరూ దొరకలేదు. బైబిల్లో యెహోషువ తర్వాతి పుస్తకం న్యాయాధిపతులే, ఎవడికి తోచింది వాడు చేసిన కాలం. అంత దగ్గరుండి నేర్చుకున్నవాడు ఈ ఒక్క పనీ ఎందుకు చేయలేదో అడిగితే, మా వరస ముందుకు కదిలిందని ఆయన బ్యాగు అందుకున్నారు.