ఒక్క డ్రోసెరా ఆకుతో బోలెడు పిల్ల మొక్కలు

కీటకాహార మొక్కల్లో కేప్ సన్‌డ్యూ, అంటే డ్రోసెరా కపెన్సిస్, పిల్లలు తీయడానికి చాలా తేలికైంది. పుట్టిల్లు దక్షిణాఫ్రికా. ఒక్క ఆకు ఉంటే చాలు, మొదట్లో మట్టి కూడా అక్కర్లేదు. కావాల్సిందల్లా మంచి నీళ్లు. చాలామందికి తేడా కొట్టేదీ అక్కడే.

నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క, 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) లోపు ఉండాలి. పోషకాలు లేని నేలకు అలవాటుపడ్డ వేళ్లు ఇవి, ఉప్పులు పేరుకుంటే మాడిపోతాయి. బోరు నీళ్లు అస్సలు వద్దు. ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అని ధీమా పడకండి, రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే మిషన్లు చాలా ఉన్నాయి. టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి. శుభ్రంగా పట్టిన వాన నీళ్లు అన్నిటికన్నా మేలు.

జిగురు బొట్లు నిండుగా మెరిసే, ముదిరిపోని ఆకును మొదలు దగ్గర కత్తిరించండి. 2–3 సెం.మీ. ముక్కలు చేసి, మూత ఉన్న పారదర్శక డబ్బాలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి వాటిపై తేలనివ్వండి. జిగురు కరిగిపోతుంది, ఫర్వాలేదు. వెలుతురు బాగా ఉండాలి గానీ నేరుగా ఎండ తగలకూడదు, మూసిన డబ్బాలో ఆకు ఉడికిపోతుంది. మూడు నుంచి ఆరు వారాల్లో ఆకు మీద అక్కడక్కడ ఆవగింజకన్నా చిన్న పచ్చటి బుడిపెలు లేస్తాయి. వాటిలోంచి గుండ్రటి బుల్లి ఆకులు విచ్చుకుంటాయి. తల్లి ఆకు గోధుమరంగుకి తిరిగినా పారేయకండి, అందులోంచీ పిల్లలు వస్తాయి. మెత్తబడి బూజు పట్టిన ముక్కను మాత్రం వెంటనే తీసేయాలి. నీళ్లు పచ్చబడితే మార్చండి.

వేళ్లు సెంటీమీటరు దాటాక పీట్ మాస్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) సగం సగం కలిపి అందులో నాటండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది, కాబట్టి నా ఓటు పీట్‌కే. ఎరువు, కంపోస్టు చిటికెడు కూడా వేయొద్దు. కుండీ కింద ట్రేలో సెంటీమీటరు నీళ్లు ఎప్పుడూ నిలవాలి. పైన మూత పెట్టి, పది రోజులపాటు రోజుకి కాస్త కాస్త తెరుస్తూ పోండి. ఒక్కసారిగా తీసేస్తే బయటి పొడిగాలికి పిల్లలు వాడిపోతాయి.

మన తెలుగు నేల మీద తడి ఇసుకలో మొలిచే డ్రోసెరా బర్మానీ, డ్రోసెరా ఇండికాలకు ఈ పద్ధతి నమ్ముకోవద్దు. అవి మామూలుగా ఏడాదిలోపే బతుకు ముగించుకునే మొక్కలు, వాటికి విత్తనమే దారి. అడవిలోంచి పెరికి తెస్తే బతకవు. ఇంట్లో ఉన్నదానికి పూకాడ ఎండి గోధుమరంగుకి రాగానే తెల్ల కాగితం మీద దులపండి, నల్లటి పొడిలాంటి విత్తనాలు రాలతాయి. తడి పీట్ మీద చల్లి వదిలేయండి, పైన ఏమీ కప్పొద్దు. వెలుతురు తగిలితేనే మొలకెత్తుతాయి.