ఆక్సిజన్ పైపుకి నాలుగంగుళాలు

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కొత్త బ్లాకుకి సైట్ ఇంజనీరుగా చేశాను. పాత బ్లాకు ఐసీయూ కిటికీలకూ మా పునాదులకూ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు. ఇటుకలు కోసే దుమ్ము, సెంట్రింగ్ కొట్టే మోత పేషెంట్ల పక్కన వీలైనంత తగ్గాలని డాక్టరు గారు మొదటి మీటింగులోనే తేల్చేశారు. అట్లా ప్రీకాస్ట్, అంటే కాంక్రీటు ముక్కల్ని వేరేచోట ముందే పోసి తెచ్చి నిలబెట్టడం, మా నెత్తిన పడింది. స్తంభాలు, స్లాబులు సైట్లోనే పోశాం. బయటి గోడల ప్యానెళ్లు, మెట్లు మాత్రం ఓర్వకల్లు వైపు అద్దెకు తీసుకున్న స్థలంలో పోసి తెచ్చాం.

ఎండాకాలంలో అది మంచిదే అయింది. అన్నీ ఒకే చోట ఉంటే గోనెసంచులు కప్పి తడపడం తేలిక. మూడో అంతస్తు గోడకి రోజుకి మూడుసార్లు నీళ్లు కొట్టామని చెప్పే మనిషిని నేనింతవరకు నమ్మలేదు.

కిటికీ లేని ప్యానెల్ 3.3 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 150 మిల్లీమీటర్ల మందం. కాంక్రీటు ఘనపు మీటరుకి రెండున్నర టన్నులు లెక్కేస్తే ఒక్కోటి 3.7 టన్నులు. పెద్ద క్రేన్ ఉంది కదా, ఇదో లెక్కా అనుకున్నా. కానీ బూమ్ (క్రేన్ చెయ్యి) చాచేకొద్దీ క్రేన్ సత్తా పడిపోతుంది. వెనక వైపు గోడకి అది చాలదని ఆపరేటర్ చార్టు తీసి చూపించాడు. జనరేటర్ షెడ్డు పక్కకి జరిపి క్రేన్‌కి చోటు చేసేసరికి వారం పోయింది.

ట్రైలర్లు రాత్రి వచ్చేవి. ఓపీ మొదలుకాకముందే, పొద్దున ఆరింటికి ఎత్తడం. మొదటి ప్యానెల్ గాల్లోకి లేవగానే గాలికి తలుపు రెక్కలా తిరగబోయింది. ఇద్దరు కుర్రాళ్లు మూలలకి కట్టిన తాళ్లు పట్టుకుని వెనక్కి వాలిపోయారు. కింద ఇనుప బిళ్లలు పెట్టి, రసమట్టం చూసి, ఏటవాలు ఊతాలు (ప్రాప్‌లు) బిగించేదాకా మేస్త్రీ ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు చొక్కా తడిసిపోయింది.

అసలు దెబ్బ పదిహేడో ప్యానెల్ దగ్గర తగిలింది. ఆక్సిజన్ పైపు లోపలికి రావడానికి వదిలిన స్లీవ్ (చిల్లు కోసం కాంక్రీటులో ముందే పెట్టే గొట్టం) నాలుగంగుళాలు పక్కకి ఉంది. లోపల అది సరిగ్గా స్తంభం అంచుకి తగిలింది. తప్పు నాదే. డాక్టరు గారు సిలిండర్ల గది జరిపాక మార్చిన డ్రాయింగ్ నా వాట్సాప్‌లోనే ఉండిపోయింది. ప్యానెళ్లు పోసే యార్డుకి పాతదే వెళ్లింది.

"ఇటుక గోడైతే ఉలి పట్టుకుని అర్ధగంటలో తేల్చేటోణ్ణి సార్," అన్నాడు మేస్త్రీ. ఇక్కడ అట్లా కాదు. ముందు డిజైనర్ అనుమతి, తర్వాత స్కానర్‌తో కమ్మీలు ఎక్కడున్నాయో చాక్‌పీస్‌తో గీతలు, వాటి మధ్యలో డైమండ్ బిట్‌తో గుండ్రంగా చిల్లు కోసే కోర్ కటింగ్. రెండు రోజులు పట్టింది. పాత చిల్లుని గ్రౌట్ అనే సిమెంటు మిశ్రమంతో పూడ్చాం. దగ్గరికెళ్లి చూస్తే ఇప్పటికీ ఆ మచ్చ కనిపిస్తుంది. ప్రీకాస్ట్‌లో పని తగ్గదు, ముందుకి జరుగుతుందంతే. పోసేలోపే అన్నీ తేలిపోవాలి. ఆసుపత్రిలో ఏదీ ఓ పట్టాన తేలదు!

ఎక్స్‌రే గది విషయంలో మాత్రం బతికిపోయాం. దాని గోడకి 9 అంగుళాల ఇటుక గానీ, 2 మిల్లీమీటర్ల సీసానికి (లెడ్) సమానమైన అడ్డు గానీ ఉండాలి. ప్యానెళ్ల మధ్య జాయింటులో ఉండేది సీలెంటు, రబ్బరులా సాగే పూత. అది నీళ్లని ఆపుతుంది, కిరణాల్ని ఆపదు. అందుకే ఆ ఒక్క గదికి ఇటుక గోడే కట్టేశాం.

సీలెంటు నీళ్లని ఆపుతుంది అన్నాను గానీ, మొదటిసారి అదీ ఆపలేదు. పైపుతో నీళ్లు కొట్టి చూస్తే రెండు జాయింట్ల దగ్గర లోపలికి చెమ్మ దిగింది. గీరి తీస్తే సీలెంటు పట్టీలా ఊడి వచ్చేసింది, వెనకంతా ఎర్రమట్టి దుమ్ము. అంచులు తుడవకుండానే, సీలెంటు అంటుకోవడానికి ముందు వేసే ప్రైమర్ పూశారు. ఆ వరుస మొత్తం తీయించి, బ్రష్‌తో, బ్లోయర్‌తో శుభ్రం చేయించి, వెనక ఫోమ్ తాడు మళ్లీ సరిగ్గా కూర్పించి పట్టించాను. రెండోసారి పొడిగానే ఉంది.

నిన్న డాక్టరు గారు ఫోన్ చేశారు. రెండో అంతస్తులో ఇంకో ఏసీకి చిల్లు కావాలట. స్కానర్ వాళ్లకి చెప్పాను, సోమవారం వస్తామన్నారు.