ఎర్మో గుట్ట

లొరేతో స్టేషన్‌లో రైలు దిగి, బస్సు పట్టుకుని రెకనాతి చేరేసరికి పది దాటింది. ఇటలీ తూర్పున, మార్కె ప్రాంతంలో, పొడవాటి గుట్ట వీపు మీద సర్దుకుని కూర్చున్న చిన్న ఊరు. ఒకవైపు ఏడ్రియాటిక్ సముద్రం, మరోవైపు దూరాన సిబిల్లీని పర్వతాలు. అన్నీ బాగున్నాయి గానీ, నేను అంత దూరం వెళ్లింది ఒక్క విశేషణం కోసం: ‘ఎర్మో’.

1798లో ఈ ఊళ్లో పుట్టిన కవి జాకొమో లెయోపార్ది 1819లో ‘అనంతం’ అనే పదిహేను పాదాల కవిత రాశాడు. మొదటి పాదం ‘సెంప్రె కారో మి ఫు క్వెస్తెర్మో కొల్లె’. ఈ ఏకాంతపు గుట్ట నాకెప్పుడూ ప్రియమైనదే, అని.

ఎర్మో పుట్టిల్లు గ్రీకు. ‘ఎరేమోస్’ అంటే మనిషి అలికిడి లేనిది. లాటిన్ మీదుగా ఇటాలియన్‌లోకి వచ్చాక రెండు రూపాలుగా చీలింది. ‘ఎరెమో’ అంటే మునుల ఆశ్రమం. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. నడిమి అచ్చు రాలిపోగా మిగిలిన ‘ఎర్మో’ను మధ్యయుగపు ఇటాలియన్ మహాకవి దాంతే కమాల్దోలి ఆశ్రమానికి పేరుగా వాడాడు. విశేషణంగా మాత్రం అది కవుల సొత్తయింది. లెయోపార్ది తన కవితల్లో పూర్వుల బురుజులనూ, రోము చుట్టూ ఉన్న బీళ్లనూ కూడా ఎర్మో అనే అన్నాడు. ‘దూరం’, ‘ప్రాచీనం’ వంటి మాటలు హద్దులు తెలియని ఊహలు రేపుతాయి కనుక అవి మిక్కిలి కవితాత్మకమని 1821లో తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఎర్మో కూడా ఆ కోవలోదేనని నాకనిపిస్తుంది.

లెయోపార్దుల ఇంట్లో తండ్రి మొనాల్దో కూడబెట్టిన గ్రంథాలయం చూసి గుట్టకు నడిచాను. పెద్ద దూరమేమీ కాదు. గోడకు బిగించిన రాతి పలక మీద ఆ పాదమే చెక్కి ఉంది. దాని ముందు ఓ నలభై మంది బడిపిల్లలు! పంతులమ్మ చెయ్యి ఎత్తగానే అందరూ ఒక్క గొంతుతో కవిత అందుకున్నారు. ‘ఎర్మో’ దగ్గర ఒకడు పక్కవాడి టోపీ లాగాడు. గుట్ట మీద లేనిదల్లా ఏకాంతమే.

ఇక నా ఇటాలియన్ సంగతి. నేను ఆ భాష నేర్చుకున్నది పాత కవితల్లోంచి. పోతన పద్యాలతో తెలుగు నేర్చుకుని సంతలో వంకాయలు బేరమాడే విదేశీయుణ్ణి ఊహించుకోండి, అది నేనే. మధ్యాహ్నం కాఫీ దుకాణంలో మూలగా ఉన్న బల్ల కావాలనుకుని ‘ఎర్మో బల్ల ఉందా?’ అని అడిగాను. కౌంటరు వెనకున్న పెద్దావిడ తుడుస్తున్న కప్పు కింద పెట్టింది. ఒక్క క్షణం నా ముఖం చూసి, కవిత మొదలుపెట్టి, కనుచూపును అడ్డే కంచె మాట వచ్చే పాదం దాకా తడుముకోకుండా చదివేసింది. తర్వాత అడిగింది, ‘ఇంతకీ మీకేం కావాలి?’

చెప్పాను. కాఫీ యంత్రం పక్కన ఒక్క బల్లే ఖాళీగా ఉందట.