క్లైబర్ చేతిలో బ్రామ్స్

ఈ వారమంతా చెవుల్లో ఆర్కెస్ట్రా కండక్టర్ కార్లోస్ క్లైబరే. 1980లో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేసిన, స్వరకర్త బ్రామ్స్ రాసిన నాలుగో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన). మరో కండక్టర్ కరయాన్ రికార్డింగులన్నీ వినాలంటే ఓ జన్మ చాలదు. క్లైబర్ స్టూడియోలో చేసిన సింఫనీలైతే ఐదే ఐదు: బీథోవెన్‌వి రెండు, షూబర్ట్‌వి రెండు, ఇదొకటి. పిసినారితనం కాదు, ఆయన పట్టింపు అలాంటిది.

నన్ను కట్టిపడేసింది చివరి భాగం. ఎనిమిది బార్ల (తాళపు ఆవర్తాల్లాంటివి) చిన్న థీమ్, అంటే మూల స్వరమాల, దాని మీద 30 వేరియేషన్లు, అంటే దాన్నే మార్చి మార్చి పలికించడం. 12వ దానికి వచ్చేసరికి ఒక్కో బారు నిడివి రెట్టింపవుతుంది, ఫ్లూట్ ఒంటరిగా, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటున్నట్టు పలుకుతుంది. చాలామంది ఇక్కడ సాగదీసి ఏడిపిస్తారు. క్లైబర్ ఏడవనివ్వడు. కింద నాడి ఆగదు. ఆ తర్వాత ట్రాంబోన్లు (ఇత్తడి బాకాలు) మెల్లగా, గుడిలో మాట్లాడినట్టు. అంతలోనే 16వ వేరియేషన్‌లో మొదటి థీమ్ మళ్లీ విరుచుకుపడుతుంది, వయొలిన్లు పైనుంచి కిందికి దూకుతాయి. ఒళ్లు జలదరించింది.

సౌండ్ మాత్రం డిజిటల్ తొలిరోజులది. వయొలిన్లు కాస్త గీరుకున్నట్టుంటాయి, హెడ్‌ఫోన్స్‌లో మరీను.

1996 మ్యూనిక్ కచేరీ వీడియోలోనూ ఇదే సింఫనీ ఉంది. ఆదివారం దాని సంగతి చూడాలి.