ఐన్‌జీడెల్న్ నల్లతల్లి దర్శనం

మొక్కు తీర్చుకుని వచ్చి ఇంకా వారం కాలేదు. స్విట్జర్లాండ్‌లోని ఐన్‌జీడెల్న్ మఠంలో వెలసిన మేరీమాతే ఈ నల్లతల్లి. కళ్లు మూసుకుంటే ఆ నల్లని ముఖమే.

జ్యూరిక్ నుంచి వెళ్లేవాళ్లు వేడెన్స్‌విల్‌లో రైలు మారాలి. దిగాక పది నిమిషాల నడక. గుడి ముందున్న ఫౌంటెన్‌కు 14 ధారలు. ఆనవాయితీ ప్రకారం అన్నిట్లోనూ తాగాలి. నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లన, ఒక్కో ధార దగ్గర గుక్కెడు చాలు.

పెద్ద చర్చిలోకి అడుగు పెట్టగానే నల్ల పాలరాతి చిన్నగుడి. ఫ్రెంచి సైన్యం పాత చిన్నగుడిని కూల్చాక 1817లో మళ్లీ కట్టినది. బాలయేసును ఎత్తుకున్న అమ్మవారి చెక్క విగ్రహం మాత్రం 15వ శతాబ్దం నాటిది, నాలుగడుగులకు కాస్త తక్కువ. మనకు కనబడేది గంట ఆకారపు జరీ వస్త్రమే. చెక్కిన కుచ్చిళ్లన్నీ దాని వెనకే ఉండిపోతాయి. అలంకారం మాటున నిజరూపం, మనకిదేం కొత్త కాదు. కాబట్టి ముఖాలూ చేతులూ వదలకుండా చూడండి.

అప్పటి జర్మన్ శిల్పులు ఎక్కువగా లిండెన్ చెక్క వాడేవారు. దుంగ బయటి భాగం, లోపలి భాగం ఒకేలా కుంచించుకోవు. అలాగే వదిలేస్తే నిలువునా పగులుతుంది. అందుకే వీపువైపు నుంచి తొలిచి డొల్ల చేసేవారు. పైన సుద్ద, జిగురు కలిపిన పూతలు, ఆపైన రంగు. బంగారు రేకు అతికే చోట ముందు నున్నటి ఎర్రమట్టి.

ఈ తల్లి మొదట నల్లగా లేదు. శతాబ్దాల కొవ్వొత్తుల, దీపాల పొగ పేరుకుని ఆ రంగొచ్చింది. 1798లో ఫ్రెంచి సైన్యం వస్తోందని మఠంలోని సాధువులు విగ్రహాన్ని దాటించారు. మరుసటి ఏడాది ఆస్ట్రియాలో బాగుచేసిన ఫ్యూట్షర్ అనే ఆయన మసి తీస్తే కింద మామూలు ఒంటిరంగు బయటపడింది. కానీ జనానికి తెలిసిన తల్లి నల్లతల్లి! మళ్లీ నలుపే వేశాడు. మంచి పని చేశాడనే అంటాను.

సాయంత్రం 4:30 ప్రార్థన కాగానే సాధువులు వరుసగా చిన్నగుడి ముందుకొచ్చి సాల్వే రెజీనా అనే మేరీమాత స్తోత్రం పాడతారు. ముందే వెళ్లి చోటు పట్టుకోవాలి. మాకు ముందు నిలబడ్డ గుంపు ఫోన్లు ఎత్తింది ఎత్తినట్టే. పాట సగం తెరల్లోనే చూశాం. చివర్లో ఒక పెద్దావిడ పక్కకు జరిగి, వేలితో పైకి చూపించింది. బిడ్డ చేతిలో చిన్న పిట్ట.