కారు వెళ్లని కొండకు రైల్లో

స్కాట్లండ్ హైలాండ్స్‌లో కరౌర్ స్టేషన్‌కు మామూలు కార్లు వెళ్లే దారి లేదు. దగ్గరి పబ్లిక్ రోడ్డుకు పది మైళ్లు నడవాలి. నాకు ఆ చోటంటే ఇంత ఇష్టం అందుకే. గ్లాస్గోలో ఎక్కిన రైలు రానొక్ మూర్ అనే పెద్ద బురదనేల మీదుగా పోతుంది. అక్కడ గట్టి నేల దొరక్క, చెట్ల వేర్లు, కొమ్మలు, మట్టి, బూడిద పరిచి వాటి మీద పట్టాలు వేశారు. 1894లో మొదలైన ఆ లైను మీదే ఇప్పటికీ రైళ్లు నడుస్తున్నాయి.

స్టేషన్ నుంచి మట్టిబాటలో ఒక మైలు నడిస్తే లాఖ్ ఓసియన్ సరస్సు, దాని ఒడ్డునే యూత్ హాస్టల్. మర్నాడు పొద్దున్నే బెన్ నా లాప్ అనే కొండ ఎక్కాం. ఎత్తు 935 మీటర్లు. 914 మీటర్లు దాటిన కొండల్ని ఇక్కడ మన్రోలంటారు. స్టేషనే 400 మీటర్ల పైన ఉంది కాబట్టి ఎక్కాల్సింది తక్కువే. కానీ కింద నేలంతా చిత్తడి, అడుగు వేస్తే బూటు దిగబడుతుంది. శిఖరం మీద గాలికి నిలబడలేకపోయాం. అయినా మబ్బు విడిపోయి అటు బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన బెన్ నెవిస్ కొండ, ఇటు మూర్ మొత్తం కనబడేసరికి కిందికి దిగబుద్ధి కాలేదు.

ఈ కొండ ఒక ప్రైవేటు ఎస్టేట్‌లోది. అయినా టికెట్ లేదు, పర్మిషన్ అడగక్కర్లేదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లండ్‌లో దాదాపు అన్ని నేలల మీదా, నీళ్ల మీదా నడవడానికి, సైకిలు తొక్కడానికి, పడవ వేసుకోవడానికి, రాత్రికి టెంట్ వేసుకోవడానికి అందరికీ హక్కు ఇచ్చింది. మోటారు బండ్లకు మాత్రం లేదు. ఇళ్ల పెరళ్లు, పంట వేసిన చేలు మినహాయింపు. ఇంత మంచి చట్టం ప్రతి దేశానికీ ఉండాలని నా గట్టి నమ్మకం.

హక్కుతో పాటు బాధ్యతా ఉంది. శరదృతువులో జింకల్ని వేటాడతారు. తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి కాబట్టి జింకల సంఖ్యను అదుపు చేసేది మనుషులే. లేకపోతే మొలిచిన ప్రతి మొక్కనూ అవి మేసేస్తాయి, అడవి మళ్లీ పెరగదు. మేం వెళ్లింది ఆ రోజుల్లోనే. వేట జరుగుతోంది, ఫలానా వాలు వైపు రావద్దని ఎస్టేట్ వాళ్లు చెప్తే వెడల్పాటి గుట్టవీపు మీదుగానే దిగొచ్చాం. నాకది నష్టమనిపించలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: రోజుకు రైళ్లు కొన్నే. టైంటేబుల్ చూసుకుని, హాస్టల్‌లో పడక దొరికాకే టికెట్ కొనండి. వేసవిలో అయితే దోమల్లా కుట్టే మిడ్జీలనే చిన్న పురుగుల బాధ ఎక్కువ, తలకు వేసుకునే వల తప్పనిసరి.